పొడి కలిపి చేసిన పుల్లైసు చీకితే ఉత్త తెల్ల ఐసుగడ్డ అయిపోతా ఉండాది, ఏం చేసేది?

కొర్లగుంట కోడలు | మే 5, ఉదయం 11.10

అందరికీ నమస్తే. కత్తిరి ఎండలు మొదలైనాయి, మిద్దె మీద కాలు పెట్టలేకుండా ఉండాం. ఇంట్లో నా పిల్లలు ఇద్దరు, మా ఆడబిడ్డ పిల్లలు ముగ్గురు. సాయంత్రం వీధి చివర ఐసుబండి గంట వినపడితే చాలు, ఐదు చేతులు నా ముందర చాస్తారు. ఒక్కోటి పది రూపాయలు. రోజుకు యాభై ఎక్కడ తెచ్చేది?

ఇంట్లోనే చేద్దామని ఆరెంజి పొడి ప్యాకెట్టు తెచ్చి, తాగేదానికి కలిపే మాదిరే కలిపి, స్టీలు లోటాల్లో పోసి, పుల్ల నిలబెట్టి ఫ్రీజర్లో పెట్టినాను. పొద్దునకు రాయి మాదిరి గట్టిపడింది. చూసేదానికి అంగడిదే అనుకోవాల. మా చిన్నోడు నాలుగు సార్లు చీకినాడో లేదో, రంగూ తీపీ అంతా వాడి నోట్లోకి పోయి పుల్లకు ఉత్త తెల్లగడ్డ మిగిలింది. "అమ్మా, ఇది సచ్చిపోయింది" అని నా చేతిలో పెట్టి పోయినాడు.

ఇంకా రెండు కష్టాలు. పుల్ల పట్టుకుని లాగితే పుల్ల ఒక్కటే చేతికొస్తా ఉండాది. లోటా అడుగున రంగు చిక్కగా ఉంటే పైన నీళ్ళ మాదిరి ఉండాది. ఇంట్లో చేసినోళ్ళు చెప్పండి. అచ్చులు కొనమని మాత్రం చెప్పొద్దు, అవి కొనే డబ్బులకు ఐసులే వస్తాయి.

---

రేణిగుంట రైలన్న | మే 5, ఉదయం 11.32

అక్కా, ఆ తెల్లగడ్డలు పారేయొద్దు. మజ్జిగలో వేసి నాకు పంపించు. ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఇక్కడ బూటు అడుగు అతుక్కుంటా ఉండాది.

---

మిట్టూరు మాస్టారు | మే 5, మధ్యాహ్నం 12.15

అమ్మా, మీ వాడు అన్నమాట సరిగ్గానే ఉంది. దానికి కారణం మీ పొడి కాదు, నీళ్ళ స్వభావం.

నీళ్ళు గడ్డకట్టేటప్పుడు తమలో ఇంకొకరిని ఉండనివ్వవు. మంచు స్ఫటికం అంటే నీటి అణువులు మాత్రమే వరస కట్టి కూర్చోవడం. చక్కెర, రంగు, పులుపు, వాసన అన్నీ బయటికి నెట్టబడతాయి. ఆ నెట్టబడినదంతా స్ఫటికాల మధ్య సందుల్లో చిక్కటి పాకంలాగా ఉండిపోతుంది. చక్కెర ఉన్న నీళ్ళు సున్నా దగ్గర గడ్డకట్టవు కాబట్టి ఆ పాకం చాలాసేపు ద్రవంగానే ఉంటుంది. పిల్లవాడు చీకినప్పుడు ముందు వచ్చేది అదే. మిగిలేది మంచు గూడు. ఖాళీ అయిన సందుల్లో గాలి చేరుతుంది, అందుకే తెల్లగా కనిపిస్తుంది.

ఎంత నెమ్మదిగా గడ్డకడితే స్ఫటికాలు అంత పెద్దవి, సందులు అంత వెడల్పు. మన ఇళ్ళ ఫ్రీజరు మైనస్ 18 దగ్గర ఉండాలి. కానీ ఐదుగురు పిల్లలు గంటకు పదిసార్లు తలుపు తీసే ఇంట్లో అది జరగదు. అడుగున రంగు చిక్కగా ఉండడానికీ ఇదే కారణం, పైనుంచి గడ్డకడుతూ పాకాన్ని కిందికి తోస్తుంది. పొడి సరిగా కరగకపోయినా అలాగే ఉంటుంది.

ఒక ముచ్చట కూడా చెబుతాను. పుల్లైసు పుట్టిందే పొడి కలిపిన నీళ్ళతో. 1905లో అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఫ్రాంక్ ఎప్పర్సన్ అనే పదకొండేళ్ళ పిల్లవాడు సోడా పొడి నీళ్ళలో కలిపి, కలిపిన పుల్లతో సహా రాత్రంతా వాకిట్లో మరిచిపోయాడట. చలికి గడ్డకట్టింది. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంటు తెచ్చుకున్నాడు.

---

రేణిగుంట రైలన్న | మే 5, మధ్యాహ్నం 12.21

కొర్లగుంటలో వాకిట్లో పెడితే ఐసు కాదు సార్, కషాయం అవుతుంది.

---

పాత ఐసుబండి | మే 5, మధ్యాహ్నం 2.40

సారు చెప్పింది కరెక్టే గానీ అమ్మికి కావాల్సింది ఎట్ట చేయాల అనేది కదా. నేను చిత్తూరులో ఐసు ఫ్యాక్టరీలో తొమ్మిదేండ్లు పనిచేసినా. ఆ ముందర బండి తోలినా. ఇప్పుడు మోకాళ్ళు పోయి ఇంట్లో కూర్చోనుండా.

ఫ్యాక్టరీలో పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్ళు ఉంటాయి. ఉప్పునీళ్ళు కాబట్టి సున్నా కిందికి పోయినా గడ్డకట్టవు. రేకు అచ్చుల చట్రం అందులో ముంచితే నాలుగు పక్కలా ఒకేసారి చలి పట్టుకుంటుంది. అరగంట లోపల ఐసు. ఇంట్లో ఐదారు గంటలు పడుతుంది, అందుకే మీది గరగరలాడతా ఉండాది.

ఇప్పుడు అసలు సంగతి. సేమ్యా ఐసు గుర్తుండాదా? అది చివరిదాకా చీకినా తెల్లగా కాదు. ఎందుకో తెలుసా? సేమ్యా ఉడకబెట్టిన గంజి మేము పారబోసేవాళ్ళం కాదు. ఆ గంజిలోనే పాలు, చక్కెర, ఏలకులు. గంజి ఉంటే పాకం యాడికీ జారదు. మా మేస్త్రి "గంజి లేని ఐసు, నడుము లేని మనిషి ఒకటే" అనేవాడు. ఆయన నడుం మాత్రం మూడుసార్లు పట్టేసింది.

మీకు సేమ్యా వద్దంటే సగ్గుబియ్యం చాలు. రెండు చెంచాలు నానబెట్టి, గ్లాసుడు నీళ్ళలో గింజ అద్దం మాదిరి కనపడేదాకా ఉడికించి, వడకట్టి, బాగా చల్లారినాక మీ ఆరెంజి నీళ్ళలో కలపండి. వేడిగా పోస్తే ఫ్రీజరు ఏడుస్తాది.

పొడి తాగేదానికన్నా జాస్తి పడాల. లీటరుకు వేసేది ముప్పావు లీటరుకే వేయండి. నాలుక సల్లబడితే తీపి తెలీదు. నోట్లో వేసుకుంటే "అబ్బ, జాస్తి అయింది" అనిపించాల, అప్పుడు ఐసుకు సరిపోతాది.

పుల్ల మొదట్లోనే పెట్టొద్దు. గంటన్నర ఆగి, గుజ్జు గుజ్జుగా అయినాక గుచ్చండి. నిలబడతాది, జారదు.

---

కొర్లగుంట కోడలు | మే 5, మధ్యాహ్నం 3.05

అన్నా, ఇంత వివరంగా ఎవురు చెప్తారు! ఇప్పుడే సగ్గుబియ్యం నానేసినాను. చక్కెర ఎంత?

---

పాత ఐసుబండి | మే 5, మధ్యాహ్నం 3.30

పొడిలో చక్కెర ఉండాదా లేదా ముందు చూసుకో. చక్కెర కలిపిన రకం అయితే ఇంకేం వేయొద్దు. ఉత్త పొడి అయితే లీటరుకు 150 నుంచి 180 గ్రాములు. అంతకు రెట్టింపు వేసినావంటే గట్టిగా గడ్డకట్టదు, పుల్లకు పాకం వేలాడతాది. మరీ తక్కువైతే పళ్ళు ఇరగతాయి. ఒకసారి జాతర గిరాకీలో మేస్త్రి లేనప్పుడు నేనే కలిపి చక్కెర రెండుసార్లు పోసినా. రెండు వందల ఐసులు, ఒక్కటీ అచ్చు వదల్లేదు. ఆ దినం కూలి పాయ.

---

దామలచెరువు మామిడి | మే 5, సాయంత్రం 5.50

అంతా బాగుండాది గానీ ఒక మాట అడుగుతా. దేశంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉండే జిల్లాల్లో మన చిత్తూరు ఒకటి. తోటల్లో కాయ కొనే నాథుడు లేక 2025లో కిలో పన్నెండు రూపాయలు ఇప్పించమని రోడ్డెక్కినాం. ఎనిమిది ఫ్యాక్టరీ ఇయ్యాల, నాలుగు సర్కారు ఇయ్యాల. అట్టాంటి ఊర్లో కూర్చుని ఆరెంజి పొడితో ఐసు చేసుకుంటారా? ఆ ఆరెంజిలో ఆరెంజి ఏముంది, ప్యాకెట్టు వెనక చదవండి.

---

కొర్లగుంట కోడలు | మే 5, సాయంత్రం 6.15

అన్నా, మీ బాధ నాకు తెలుసు, మా పుట్టినిల్లు పాకాల పక్కనే. కానీ మా పిల్లలకు రంగు కావాల. నాలుక ఆరెంజి రంగులో చాపి ఒకడికొకడు చూపించుకోవాల. మామిడికాయ కోసి ఇస్తే పీచు వస్తుందని ఊసేస్తారు.

---

పలమనేరోడు బెంగుళూరులో | మే 5, రాత్రి 9.20

నాకు ఇది చదువుతుంటే మా అవ్వ ఇల్లు గుర్తొచ్చింది. అప్పట్లో పొడి డబ్బాలో రెండు భాగాలు ఉండేవి. చిన్న సీసాలో చిక్కటి రంగునీళ్ళు, పక్కన పొడి పొట్లం. డబ్బా మీద 32 గ్లాసులు అని ఉండేది. మా అవ్వ దాన్ని 50 గ్లాసులు చేసేది. వచ్చిన చుట్టానికి ఇచ్చేది ఒక రంగు, మాకు ఇచ్చేది ఇంకో రంగు. మాది పాలిపోయి ఉండేది. ఫ్రిజ్జు వీధి మొత్తానికి ఒక్క ఇంట్లో ఉండేది, వాళ్ళ పిల్లోడితో స్నేహం పాడవకుండా చూసుకోవడమే మా వేసవి సెలవుల పని.

మామిడన్నా, మీరు చెప్పింది కాదనను. బెంగళూరా (తోతాపురి) మామిడి గుజ్జు, పొడి సగం సగం వేస్తే? నేను ఇక్కడ నన్నారి పాకంతో చేస్తా. నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు వేస్తే గింజలు ఐసులో కప్పగుడ్ల మాదిరి ఆగి కనపడతాయి. మా ఆవిడ ఆ పోలిక విని తినడం మానేసింది.

---

మిట్టూరు మాస్టారు | మే 6, ఉదయం 6.40

మామిడి గారి కోపంలో ఒక సైన్సు సంగతి దాగి ఉంది. మామిడి గుజ్జు ఐసు చీకితే తెల్లబడదు. గుజ్జులో పీచు, పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటాయి. ఐసుబండి గారి గంజి చేసే పనే అవీ చేస్తాయి, పాకాన్ని సందుల్లో పట్టి ఉంచుతాయి. కాబట్టి సగం సగం కలపమన్న సలహా రుచికే కాదు, ఐసు నిర్మాణానికీ మంచిదే.

గంజి సంగతి నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, సేమ్యా ఐసు ఎన్ని తిన్నానో లెక్కలేదు, ఈ రెండింటినీ ఎప్పుడూ కలిపి ఆలోచించలేదు.

లోటా నిండా పోయవద్దని చెప్పడం మరిచాను. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. వేలెడు ఖాళీ ఉంచండి. గాజు గ్లాసుల్లో అసలు వద్దు.

---

దామలచెరువు మామిడి | మే 6, ఉదయం 7.25

బెంగళూరా ఇంకా చెట్టు మీదనే ఉండాది. జూన్ దాకా ఆగాల. ఇప్పుడు కావాలంటే బేనీషా (బంగినపల్లి) తొలికాపు వస్తా ఉండాది. దానికి పొడి కలిపినారంటే నేను ఈ చర్చలోంచి లేచిపోతా.

---

వంటిల్లు పెద్ద (నిర్వాహకులు) | మే 6, ఉదయం 9.00

లేచిపోవద్దు, కూర్చోండి. మామిడి ధరల మీద వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ పుల్లైసు.

---

నైట్‌డ్యూటీ నర్సమ్మ | మే 6, ఉదయం 10.45

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. రెండు మూడు మాటలు.

నీళ్ళు మరగబెట్టి చల్లార్చి వాడండి. గడ్డకట్టిస్తే క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. అన్నీ చావవు, చాలావరకు నిద్రపోతాయి. వేసవిలో వాంతులు, విరేచనాలతో వచ్చే పిల్లలను రోజూ చూస్తుంటాం. బయట ఐసు తింటే అది దేంతో చేశారో కనుక్కోండి. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని 2018లో ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. తెల్లగా ఉన్నదంతా మంచిదని దాని అర్థం కాదు.

రంగుల గురించి మామిడన్న అన్నది సగం నిజం. ప్యాకెట్టు వెనక 102, 110 అని అంకెలు ఉంటాయి. అవి అనుమతి ఉన్న రంగులే, దానికీ ఒక పరిమితి ఉంది. అంగట్లో విడిగా పొట్లం కట్టి అమ్మే రంగు పొడి మాత్రం కొనొద్దు. పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే బట్టల రంగు దొరికిందనే పక్కన తమిళనాడులో 2024లో దాన్ని నిషేధించారు.

చివరిది ముఖ్యం. పిల్లోడికి విరేచనాలు అవుతుంటే ఈ ఆరెంజి ఐసు ఇచ్చి ఊరుకోవద్దు. ఇందులో చక్కెర ఎక్కువ, ఉప్పు లేదు. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి, తాగనని మొండికేస్తే దాన్నే లోటాలో గడ్డకట్టించి చీకించండి. మా వార్డులో ఒక అమ్మమ్మ అలాగే చేసింది. వాడు మూడు తిన్నాడు. అందులో ఆరెంజి పొడి కలపొద్దు, లెక్క తప్పుతుంది.

---

కొర్లగుంట కోడలు | మే 6, సాయంత్రం 7.10

ఫలితం చెప్తా వినండి.

సగ్గుబియ్యం గంజి కలిపి, పొడి జాస్తి వేసి ఎనిమిది లోటాలు పోసినాను. గంటన్నరకు పుల్లలు గుచ్చితే సైనికుల మాదిరి నిలబడినాయి. తొమ్మిదికి పడుకునేటప్పుడు గట్టిపడతా ఉండాయి. పన్నెండింటికి కరెంటు పోయింది. వచ్చేసరికి మూడు. పొద్దున తీసి చూస్తే పుల్లలన్నీ ఒకపక్కకు ఒరిగి, మళ్ళీ గడ్డకట్టి, పైన ఇంత ఇంత మంచు సూదులు.

అయినా చీకినాం. పోయినసారి కన్నా శానా మేలు. సగం దాకా రంగు నిలిచింది. చిన్నోడు "అమ్మా, ఇది కొంచిం బతికుండాది" అన్నాడు.

---

మిట్టూరు మాస్టారు | మే 6, రాత్రి 8.00

కరిగి మళ్ళీ గడ్డకడితే చిన్న స్ఫటికాలు పోయి పెద్దవి మిగులుతాయి. ఆ సూదులు అవే. కరెంటును నమ్ముకోకుండా ఒక పని చేయండి. వెడల్పాటి బకెట్టులో దంచిన ఐసు మూడు పాళ్ళు, కల్లుప్పు ఒక పాలు వేసి కలపండి. ఉప్పు ఐసును కరిగిస్తుంది, కరగడానికి కావలసిన వేడిని చుట్టుపక్కల నుంచి లాక్కుంటుంది. లెక్క ప్రకారం మైనస్ 21 దాకా పోగలదు. మీ బకెట్టులో మైనస్ 15 వచ్చినా మీ ఫ్రీజరు కన్నా త్వరగా పని అవుతుంది, ఎందుకంటే లోటా చుట్టూ గాలి కాదు, ఉప్పునీళ్ళు ఉంటాయి. ఐసుబండి గారి తొట్టి ఇదే.

---

పాత ఐసుబండి | మే 6, రాత్రి 8.35

బకెట్టు కింద గోనెసంచి వేయండి. పైన కూడా ఒకటి తడిపి కప్పండి. లోటా అంచు ఉప్పునీళ్ళకన్నా నాలుగు వేళ్ళు పైన ఉండాల. ఇది మరిచిపోతే ఏమవుతాదో చెప్పను, మీకే తెలుస్తాది. ఒట్టి చేత్తో ఉప్పు ఐసు పట్టుకోవద్దు, పిలకాయల్ని అసలు చేయి పెట్టనీయొద్దు. చర్మం కాలినట్టు అవుతాది.

---

కొర్లగుంట కోడలు | మే 8, రాత్రి 9.40

తెలిసింది అన్నా.

ఈరోజు మధ్యాహ్నం బకెట్టు పెట్టినాం. తినే ఐసు అమ్మే చోట రెండు గడ్డలు తెచ్చి, గోనెసంచిలో చుట్టి మా ఆయన రోకలిబండతో దంచినాడు. కల్లుప్పు కలపగానే బకెట్టు బయట తెల్లగా మంచు పట్టింది. పిల్లలు గోటితో దాని మీద పేర్లు రాసినారు. ఆరు లోటాలు దించినాం. నలభై నిమిషాలకు గట్టి. మధ్యలో ఒకడు లోటా కదిలించి చూసినాడు, రెండింట్లోకి ఉప్పునీళ్ళు పోయినాయి. మా ఆడబిడ్డ కొడుకు అది నోట్లో పెట్టుకుని కళ్ళు మూసి "అత్తా, ఊరగాయ ఐసు" అన్నాడు.

మిగతా నాలుగు మాత్రం ఏం చెప్పమంటారు! కొరికితే పలుకు తగల్లేదు. చివర పుల్ల మిగిలేదాకా రంగు అట్టనే ఉండాది. లోటా ఊడకపోతే గోరువెచ్చని నీళ్ళలో పదంకెలు లెక్కపెట్టేంత సేపు ముంచితే సర్రున జారింది.

రోజూ ఇంత ఐసు కొని దంచేది కుదరదు. అందుకని మామూలు రోజుల్లో ఫ్రీజరు, గంజి. వచ్చే వారం గంగమ్మ జాతరకు పుట్టింటోళ్ళు వస్తారు, అప్పుడు బకెట్టు.

---

దామలచెరువు మామిడి | మే 9, ఉదయం 7.05

జాతరకు ఒక బుట్ట బేనీషా పంపిస్తా. డబ్బులు వద్దు. పొడి కలపకూడదు, అంతే.

---

రేణిగుంట రైలన్న | మే 9, ఉదయం 7.30

అక్కా, బుట్ట రేణిగుంట మీదగానే రావాల. మధ్యలో రెండు తగ్గితే నన్ను అడగొద్దు.

---

కొర్లగుంట కోడలు | మే 16, రాత్రి 10.15

జాతర అయింది. ఇల్లంతా వేషాల సున్నం, పసుపు. మామిడన్న బుట్ట వచ్చింది (రెండు తగ్గినాయి). గుజ్జుకు పొడి కలపలేదు, ఒట్టు. పెద్దోళ్ళకు మామిడి, పిల్లలకు ఆరెంజి. మొత్తం ముప్పై నాలుగు చేసినాం.

సాయంత్రం ఐసుబండాయన మా వాకిట్లో గంట కొట్టినాడు. ఒక్కరూ కదల్లేదు. పాపం అనిపించి మా చిన్నోడి చేత ఆయనకు ఒక ఆరెంజిది పంపించినాను. బండి ఆపి, నీడలో నిలబడి మొత్తం తిన్నాడు. తినేటప్పుడు ఒక్క మాట లేదు. అయిపోయినాక పుల్లను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "పుల్ల ఇంకా రవంత ఆలస్యంగా గుచ్చాలమ్మా, ఒకపక్కకు ఒరిగుండాది" అని చెప్పి, మా చిన్నోడి చేతిలో ఒక పాల ఐసు పెట్టి పోయినాడు.

వాడు దాన్ని చీకతా వచ్చి అడుగుతాడు, "అమ్మా, పాల ఐసు ఎట్ట చేసేది?"

ఐసుబండి అన్నా, ఉండారా?

---

పాత ఐసుబండి | మే 16, రాత్రి 10.50

ఉండా. లీటరు పాలు ముప్పావు లీటరు అయ్యేదాకా కాంచు. మిగతాది పొద్దున రాస్తా.